పాత మిలిటరీ లారీకి పవర్ స్టీరింగ్ బిగించడం ఎలా

పవర్ స్టీరింగ్ చేతికి బలం ఇస్తుంది, అంతే. అరిగిన కింగ్ పిన్నునీ (ముందు చక్రం పక్కకి తిరిగే ఇరుసు చివరి పిన్ను), లూజైన డ్రాగ్ లింక్‌నీ (స్టీరింగ్ బాక్స్ కదలికని చక్రం వైపు మోసే కడ్డీ) బాగుచేయదు. పైగా మాన్యువల్ స్టీరింగ్‌లో చక్రం రాయికి తగులుకుంటే మీ చేతులు ముందే ఆగిపోయేవి. ఇక ఆగవు. ఆ బలమంతా దశాబ్దాల నాటి ఇనుము మీద పడుతుంది. కొత్తగా వచ్చే బలం ఏయే భాగాల మీదుగా చక్రం దాకా వెళ్తుంది, వాటిలో ఏది ముందు విరుగుతుంది? మొదటి బోల్టు విప్పేనాటికే దీనికి మీ దగ్గర జవాబు ఉండాలి.

ఇక్కడ చెప్పేదంతా ముందు ఇరుసు ఒకే ముక్కగా ఉండి, కమాన్ పట్టీల మీద కూర్చునే లారీల గురించి. అమెరికన్ ఎం35ఏ2 లాంటి 2.5 టన్నుల 6×6 (మూడు ఇరుసులకీ ఇంజను బలం అందే) లారీని మనసులో పెట్టుకోండి. అది మాన్యువల్ స్టీరింగ్ బండి. తర్వాత వచ్చిన ఎం35ఏ3కి ఫ్యాక్టరీలోనే పవర్ స్టీరింగ్ పెట్టారు. 9.00-20 టైర్లతో, బండి కదులుతున్నంత సేపూ మాన్యువల్‌తోనే నెట్టుకురావచ్చు. 395/85ఆర్20 లాంటి వెడల్పు టైర్లు ఎక్కించి, గాలి తగ్గించి, నిలబడ్డ చోట తిప్పాలంటేనే చేతులు పడిపోతాయి.

ముందు పాత అరుగుదల చూడండి

బండిని నేల మీదే ఉంచి ఒకరు స్టీరింగ్‌ని అటూ ఇటూ పావు చుట్టు చొప్పున ఆడిస్తుంటే, ఇంకొకరు కింద పడుకుని ఒక్కో జాయింట్ మీద వేలు ఆనించి చూడాలి. రెండు భాగాల మధ్య కదలిక కంటికంటే వేలికే ముందు తెలుస్తుంది. డ్రాప్ ఆర్మ్ (బాక్స్ షాఫ్టుకి బిగించి, డ్రాగ్ లింక్‌ని కదిపే చెయ్యి) స్ప్లైన్లు, అంటే షాఫ్టు మీది పళ్లు, డ్రాగ్ లింక్ రెండు చివరలు, టై రాడ్ (రెండు ముందు చక్రాల్నీ కలిపే కడ్డీ) చివరలు, స్టీరింగ్ బాక్స్‌ని చాసీకి పట్టిన బోల్టులు, అన్నిటినీ వరసగా చూడండి. తర్వాత జాకీ ఎత్తి, స్టాండు మీద నిలబెట్టి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. బ్రేకు తొక్కి పట్టినా ఆట (లూజు కదలిక) అలాగే ఉంటే తేడా కింగ్ పిన్నులో ఉన్నట్టు. బ్రేకు తొక్కగానే ఆట పోతే చక్రం బేరింగుది.

వీటిలో ఏది లూజుగా ఉన్నా ముందు అదే మార్చండి. టైర్లలో గాలి సరిచేసి, కింగ్ పిన్నులకు గ్రీజు ఎక్కించి ఒకసారి నడిపి చూడండి. గ్రీజు అందక ఎండిపోయిన కింగ్ పిన్నుల వల్లే స్టీరింగ్ రాయిలా ఉన్న బండ్లు చాలా ఉంటాయి. అలాంటి బండికి పవర్ స్టీరింగ్ పెడితే ఆ జబ్బు పైకి కనపడకుండా లోపలే ముదురుతుంది.

ఏ పద్ధతి ఎంచుకోవాలి

నాలుగు దారులున్నాయి.

మొదటిది, పాత బాక్స్ తీసేసి పెద్ద లారీలకు వాడే ఇంటిగ్రల్ పవర్ స్టీరింగ్ బాక్స్ పెట్టడం. వాల్వు, పిస్టన్, గేరు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. ఇంజను ఆగిపోయినా స్టీరింగ్‌కీ చక్రాలకీ మధ్య ఇనుప సంబంధం అలాగే ఉంటుంది. రోడ్డు మీద తిరిగే బండికి ఇదే మంచిదని మా అభిప్రాయం. కింది అడుగులన్నీ దీని కోసమే.

రెండోది, పాత బాక్స్ ఉంచి, డ్రాగ్ లింక్‌లో ఒక కంట్రోల్ వాల్వూ, టై రాడ్‌కి ఒక హైడ్రాలిక్ సిలిండరూ కలపడం. దీనిలో మేలు ఏమిటంటే బలం నేరుగా టై రాడ్‌కి వెళ్తుంది, డ్రాప్ ఆర్మ్ మీద భారం పడదు. వాల్వు లేకుండా ఉత్త సిలిండర్ తగిలిస్తే మాత్రం పనిచేయదు. ఎటు నెట్టాలో దానికి చెప్పేది వాల్వే.

మూడోది గాలితో పనిచేసే సిలిండర్. ఎయిర్ బ్రేకుల కంప్రెసర్ ఎలాగూ ఉంది కాబట్టి బిగించడం తేలిక. కానీ గాలి నొక్కుకుపోతుంది, అందుకే స్టీరింగ్ స్పంజిలా ఉంటుంది. బ్రేకుల గాలిని కూడా అది తాగేస్తుంది. ఈ దారే పట్టేటట్టయితే బ్రేకు ట్యాంకు ప్రెజర్ తగ్గగానే స్టీరింగ్ లైనుని మూసేసే ప్రొటెక్షన్ వాల్వు తప్పనిసరి.

నాలుగోది ట్రాక్టర్లలో ఉండే ఆర్బిట్రాల్ పద్ధతి, అంటే మధ్యలో గొట్టాలు తప్ప ఇనుప సంబంధమే ఉండదు. గొట్టం పగిలితే స్టీరింగ్ ఉత్త చక్రమే. నెమ్మదిగా పొలంలో, గనిలో తిరిగే యంత్రానికి సరిపోతుంది. రోడ్డు మీద వేగంగా వెళ్లే లారీకి వద్దు. చాలా దేశాల్లో రోడ్డు బండికి దీన్ని ఒప్పుకోరు కూడా.

బలం లెక్క

కొనేముందు లెక్క వేయండి. నిలబడ్డ బండిలో ఒక చక్రాన్ని తిప్పడానికి కావలసిన టార్కు ఇంచుమించు ఇలా వస్తుంది: చక్రం మీది బరువుని న్యూటన్లలో ఘనం చేసి, టైరు ప్రెజర్‌తో (పాస్కల్స్‌లో) భాగించి, వర్గమూలం తీసి, ఘర్షణ గుణకంలో మూడో వంతుతో గుణించాలి.

ముందు ఇరుసు మీద 2,700 కిలోలు ఉన్న లారీ తీసుకుందాం. ఒక్కో చక్రం మీద 1,350 కిలోలు, అంటే దాదాపు 13,240 న్యూటన్లు. టైరులో 3.45 బార్, పొడి కాంక్రీటు మీద ఘర్షణ 0.7 అనుకుంటే ఒక్కో చక్రానికి దాదాపు 605, రెంటికీ కలిపి 1,210 న్యూటన్ మీటర్లు. ప్రెజర్ సగానికి తగ్గిస్తే అదే 1,710 అవుతుంది. మాన్యువల్ బాక్స్ రేషియో 20, సామర్థ్యం 60 శాతం అనుకుంటే 1,210కి స్టీరింగ్ దగ్గర 100 న్యూటన్ మీటర్లు కావాలి. అర మీటరు వ్యాసం ఉన్న స్టీరింగ్ అంచున అది 40 కిలోల లాగుడు.

బాక్స్‌ని ఎంచేటప్పుడు దాని ప్లేటు మీద రాసిన ముందు ఇరుసు బరువు చూడండి. మీ ఇరుసు బరువు కంటే మూడో వంతు ఎక్కువ ఉంటే చాలు. రెట్టింపు బలం ఉన్నది తెచ్చి పెడితే చక్రం గట్టుకి ఆనుకున్న రోజున స్టీరింగ్ ఆర్మో (డ్రాగ్ లింక్ లాగితే చక్రాన్ని తిప్పే చెయ్యి), డ్రాగ్ లింకో వంగుతుంది.

రెండో పద్ధతిలో సిలిండర్ కొలతకూ ఇదే సూత్రం. 40 మి.మీ. బోరు (లోపలి వ్యాసం), 20 మి.మీ. రాడ్ ఉన్న సిలిండర్ 100 బార్ దగ్గర 12.6 కిలోన్యూటన్లతో నెడుతుంది, 9.4తో లాగుతుంది. 200 మి.మీ. ఆర్మ్ మీద లాగేటప్పుడు కూడా 1,880 న్యూటన్ మీటర్లు వస్తాయి, పైన లెక్కకట్టిన 1,710కి అది చాలు. చక్రాలు పూర్తిగా తిరిగేసరికి ఆర్మ్ కోణం మారి ఇందులో పదో వంతుకు పైగా పోతుంది. ఆ లోటుని మీ చేయి పూడుస్తుంది. 50 మి.మీ. బోరుకి వెళ్తే అదే ప్రెజర్‌కి నెట్టుడు 19.6 కిలోన్యూటన్లకి ఎగబాకుతుంది. టై రాడ్ వంగడం అక్కడే మొదలవుతుంది.

డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింక్

ఇక్కడ తొందరపడితే పని మొత్తం చెడుతుంది. ముందుగా పాత బాక్స్ మీద ఒక విషయం రాసిపెట్టుకోండి: స్టీరింగ్ కుడికి తిప్పితే డ్రాప్ ఆర్మ్ ముందుకి కదులుతుందా, వెనక్కా? కొత్త బాక్స్ కూడా అదే దిశలో కదలాలి. తేడా వస్తే స్టీరింగ్ కుడికి తిప్పినప్పుడు బండి ఎడమకు వెళ్తుంది. డ్రాప్ ఆర్మ్‌ని తలకిందులుగా బిగించి దిశ మార్చే ప్రయత్నం చేయవద్దు. దిశ సరిపోయే బాక్సే వెతకండి.

తర్వాత ఆర్మ్ పొడవు. స్టీరింగ్ ఆర్మ్ 230 మి.మీ. ఉండి చక్రాలు రెండు వైపులా 28 డిగ్రీలు తిరగాలంటే డ్రాగ్ లింక్ మొత్తం 216 మి.మీ. కదలాలి. బాక్స్ షాఫ్టు మధ్య నుంచి ఇరువైపులా 45 డిగ్రీలు తిరిగేదైతే 153 మి.మీ. డ్రాప్ ఆర్మ్ కావాలి. పొడవు పెరిగితే స్టీరింగ్ చుట్లు తగ్గుతాయి, ఇరుసు మీద బలమూ తగ్గుతుంది. మరీ పొట్టిదైతే బాక్స్ తన చివరికి చేరినా చక్రాలు ఇంకా పూర్తిగా తిరగవు. సరిపోయే ఆర్మ్ అదే బాక్స్ కుటుంబంలో దొరుకుతుంది. ఉన్నదాన్ని కోసి వెల్డింగ్ చేయడం, ఎర్రగా కాల్చి వంచడం ఏ పరిస్థితిలోనూ వద్దు. ఆ ఉక్కుకి ఇచ్చిన గట్టిదనం వేడికి పోతుంది, అది విరిగేది ఎక్కువ భారం పడ్డ క్షణంలోనే. పాత ఆర్మ్ ఊడదీయడానికి కూడా సుత్తి, గ్యాస్ మంట కాదు, పుల్లర్ వాడండి.

బాక్స్ ఎక్కడ పెట్టాలో అట్టముక్కతో నమూనా చేసి చూసుకోండి. ఇరుసు పైకి లేచేటప్పుడు కమాన్ పట్టీ కట్టు పిన్ను ఉన్న చివర చుట్టూ వంపు గీతలో కదులుతుంది. డ్రాగ్ లింక్ కూడా ఆ వంపుకి దగ్గరగా కదలాలి. అంటే డ్రాప్ ఆర్మ్ చివర ఆ పిన్ను వైపే ఉండాలి, బండి మామూలు ఎత్తులో ఉన్నప్పుడు డ్రాగ్ లింక్ కమాన్‌కి ఇంచుమించు సమాంతరంగా ఉండాలి. ఇది తప్పితే గుంతలో పడ్డ ప్రతిసారీ స్టీరింగ్ దానంతట అదే లాగుతుంది. పవర్ బాక్స్ ఉన్నా ఆ లాగుడు ఆగదు. ఇరుసుని జాకీతో పూర్తిగా పైకి లేపి, చక్రాలు రెండు చివరలకీ తిప్పి, ఎక్కడా 25 మి.మీ. కంటే తక్కువ సందు లేదని చూడండి.

చాసీకి బిగించడం

10 మి.మీ. ఉక్కు పలకతో బ్రాకెట్ చేసి చాసీ నిలువు గోడకే బిగించండి. పై రెక్కకీ, కింది రెక్కకీ రంధ్రం వేయవద్దు. చాసీ వంగే భారమంతా మోసేది ఆ రెక్కలే, పగులు అక్కడే మొదలవుతుంది. అడ్డంగా వెల్డింగ్ కూడా వద్దు. బాక్స్‌కి ఎదురుగా చాసీ లోపలి వైపు ఇంకో పలక పెడితే పట్టు గట్టిపడుతుంది. బోల్టు రెండు గోడల మధ్య బోలుగా ఉన్న చోట దాటితే లోపల గట్టి ఉక్కు గొట్టం స్లీవుగా ఉండాలి. లేకపోతే బిగించిన కొద్దీ గోడలు నలిగి, నెలలోపే బోల్టు లూజవుతుంది.

16 మి.మీ. బోల్టులైతే 8.8 గ్రేడుకి సుమారు 210, 10.9 గ్రేడుకి సుమారు 300 న్యూటన్ మీటర్ల బిగింపు. గట్టి వాషర్లు వేయండి. రంధ్రాన్ని బోల్టుకి సరిగ్గా సరిపోయేలా రీమర్‌తో చేస్తే బాక్స్ జారదు.

బిగించాక ఒకరిని స్టీరింగ్ తిప్పమని చెప్పి చాసీని చూడండి. బాక్స్‌తో పాటు గోడ ఊపిరి తీసినట్టు ఉబ్బితే ఎదుటి చాసీ పట్టీ దాకా అడ్డ కమ్మీ వేయాలి.

స్టీరింగ్ కాలమ్

పాత బాక్సుల్లో చాలావాటికి కాలమ్ గొట్టం బాక్స్‌తో కలిసే ఉంటుంది, హారన్ వైరు కూడా దాని లోపలి నుంచే వస్తుంది. బాక్స్ తీసేస్తే కాలమ్ కింది చివరకి కొత్త బేరింగూ, క్యాబిన్‌కి పట్టే బ్రాకెట్టూ అవసరం. హారన్ వైరుకి వేరే దారి చూడండి.

కాలమ్ నుంచి బాక్స్‌కి రెండు యూనివర్సల్ జాయింట్లున్న షాఫ్టు పెట్టండి. రెండు జాయింట్ల కోణాలు సమానంగా ఉండాలి, ఒక్కోటి 30 డిగ్రీలు మించకూడదు, యోక్‌లు ఒకే వరుసలో ఉండాలి. లేకపోతే స్టీరింగ్ ఒక చుట్టులో రెండుసార్లు బరువుగా, రెండుసార్లు తేలిగ్గా తిరుగుతుంది. మధ్యలో జారే స్ప్లైన్ తప్పదు, ఎందుకంటే క్యాబిన్ రబ్బర్ల మీద కదులుతుంది, చాసీ వేరుగా మెలితిరుగుతుంది. బిగింపు బోల్టు షాఫ్టు మీది గాడిలోంచి దూరి వెళ్లిందో లేదో కంటితో చూసి నిర్ధారించుకోండి. బోల్టు గాడిని తప్పించి బిగిసినా చేతికి గట్టిగానే అనిపిస్తుంది, తర్వాత జాయింటు జారి ఊడిపోతుంది.

పంపు

బాక్స్ ప్లేటు మీద లీటర్లూ, బార్లూ రాసి ఉంటాయి. ఈ స్థాయి లారీకి నిమిషానికి 12 నుంచి 16 లీటర్లు ఇచ్చే పంపు మామూలు. ఆ ప్రవాహం ఐడిలింగ్‌లోనే (ఇంజను ఖాళీగా నెమ్మదిగా తిరిగేటప్పుడే) రావాలి, లారీని నిలబెట్టి తిప్పేది అప్పుడే కాబట్టి. ఎం35ఏ2 మల్టీఫ్యూయల్ ఇంజను గరిష్ఠ వేగం నిమిషానికి 2,600 చుట్లు. ఐడిలింగ్ 650 అనుకుంటే 1.5 రేషియో పుల్లీతో పంపు 975 నుంచి 3,900 చుట్ల మధ్య తిరుగుతుంది, చాలా వేన్ పంపులకు ఇది సరిపోతుంది.

నిమిషానికి 12 లీటర్లు, 100 బార్ అంటే 2 కిలోవాట్ల పని. సన్నటి ‘ఎ’ (A) సెక్షన్ బెల్టు ఒక్కటే అయితే ఐడిలింగ్‌లో ఇంత మోయలేక కీచుమంటుంది. అంతకంటే వెడల్పైన ‘బి’ (B) సెక్షన్ గానీ జంట బెల్టులు గానీ వేయండి. పుల్లీని బెల్టు కనీసం 120 డిగ్రీలు చుట్టుకోవాలి. స్కేలు పట్టి పుల్లీలు ఒకే గీతలో ఉన్నాయో చూడండి. 30 సెం.మీ. విడి బెల్టుని మధ్యలో నొక్కితే 5 మి.మీ. దిగడం సరైన బిగువు.

గేర్‌బాక్స్ పీటీఓకి (వేరే యంత్రాలకు బలం అందించే షాఫ్టుకి) పంపు పెట్టాలనిపిస్తుంది, పెట్టవద్దు. క్లచ్ తొక్కగానే అది ఆగిపోతుంది, మలుపులో గేరు మార్చేటప్పుడు స్టీరింగ్ రాయి అవుతుంది. 24 వోల్టుల ఎలక్ట్రిక్ పంపు అయితే 2 కిలోవాట్లకి 80 ఆంపియర్లు దాటి లాగుతుంది. పాత మిలిటరీ ఆల్టర్నేటర్‌కి అది మోయలేని భారం.

గొట్టాలు, ట్యాంకు, ఆయిల్

ప్రెజర్ లైనుకి రెండు తీగ అల్లికలున్న ఎస్‌ఏఈ 100ఆర్2 గొట్టం, రిటర్న్‌కి 5/8 అంగుళం, పంపు పీల్చే వైపు 3/4 అంగుళం. పీల్చే గొట్టం పొట్టిగా, మెలిక లేకుండా ఉండాలి. ట్యాంకు పంపు కంటే పైనే ఉండాలి. 37 డిగ్రీల కోన్ ఫిట్టింగులకి టెఫ్లాన్ టేపు చుట్టవద్దు, ఊడిన ముక్క నేరుగా వాల్వులోకి పోతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి గొట్టం 10 సెం.మీ. దూరంలో ఉండాలి, తప్పకపోతే మధ్యలో రేకు పెట్టండి. వేడి ఎగ్జాస్ట్ మీద ఆయిల్ చిమ్మితే మంట అంటుకుంటుంది.

రిటర్న్ వైపు బైపాస్ ఉన్న 10 మైక్రాన్ల ఫిల్టర్ పెట్టండి. కొత్త గొట్టం కోసినప్పుడు లోపల మిగిలే రబ్బరు పొడి వల్ల బాక్స్ చెడిపోతుంది. బిగించే ముందు ప్రతి గొట్టాన్నీ డీజిల్‌తో కడిగి గాలి కొట్టండి. ఆయిల్ బాక్స్ తయారీదారు చెప్పినదే వాడండి. పెద్ద లారీ బాక్సులు చాలావరకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌కి గానీ 15డబ్ల్యూ-40 ఇంజను ఆయిల్‌కి గానీ ఒప్పుకుంటాయి. రెండూ కలపకండి. బ్రేకు ఆయిల్ చుక్క పడినా సీళ్లు ఉబ్బిపోతాయి.

నడి బిందువు, గాలి తీయడం

డ్రాగ్ లింక్ తగిలించే ముందు బాక్స్‌ని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తిప్పి చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా మధ్యకి తెండి. చాలా బాక్సులకి మధ్యలో గేరు పళ్లు కాస్త బిగువుగా ఉంటాయి, షాఫ్టు మీద గుర్తు కూడా ఉంటుంది. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు బాక్స్ ఆ గుర్తు మీదే ఉండాలి. డ్రాగ్ లింక్ పొడవు సరిచేసి దీన్ని సాధించాలి. స్టీరింగ్ చక్రం వంకరగా వస్తే దాన్ని విడిగా తీసి తిప్పి పెట్టుకోవచ్చు. మధ్య తప్పిన బాక్స్‌తో బండి తిన్న రోడ్డు మీద ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది.

గాలి తీసే వరస:

1. ముందు చక్రాలు నేలకి తగలకుండా స్టాండ్ల మీద ఎత్తండి. ట్యాంకు నింపండి.
2. ఇంజను స్టార్ట్ చేయకుండా స్టీరింగ్‌ని నెమ్మదిగా ఆ చివర నుంచి ఈ చివరకి ఓ పదిసార్లు తిప్పండి. మట్టం తగ్గిన కొద్దీ పోయండి.
3. స్టాప్ కేబుల్ లాగి ఉంచి, స్టార్టర్‌తో ఇంజనుని కొన్ని సెకన్ల పాటు తిప్పి ఆపండి. మళ్లీ నింపండి.
4. స్టార్ట్ చేసి ఐడిలింగ్‌లోనే ఉంచండి. ఆయిల్ పాలలా తెల్లగా నురగ కడితే ఆపి, అరగంట వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి.

నురగ తగ్గకపోతే పీల్చే గొట్టం క్లిప్పు దగ్గర గాలి లాగుతోందని అర్థం. అక్కడ ఆయిల్ కారదు కాబట్టి కంటికి కనిపించదు.

లీకు వెతకడానికి చెయ్యి పెట్టకండి. 100 బార్ దగ్గర సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరుతుంది, ఆపరేషన్ తప్ప దారి ఉండదు. అట్టముక్క పట్టి చూడండి.

స్టాపులు, ప్రెజర్

ఇరుసు మీది స్టాపు బోల్టులు బాక్స్ చివర కంటే ముందే తగలాలి. 6×6 లారీలో ముందు చక్రాల్ని తిప్పే జాయింట్లని ఎక్కువ కోణంలో విరగకుండా కాపాడేవి ఈ బోల్టులే. తర్వాత బాక్స్‌లోని అన్‌లోడింగ్ వాల్వుల్ని సర్దండి: బోల్టు తగలడానికి సుమారు 3 మి.మీ. ముందే సాయం పడిపోవాలి. ఇది సర్దకపోతే చివరికి తిప్పి పట్టుకున్న ప్రతిసారీ 2 కిలోవాట్లూ వేడిగా మారి పంపు లోపలే తిరుగుతాయి. 5 సెకన్లు మించి అలా పట్టుకోకండి.

పంపు, బాక్స్‌ల మధ్య గేజీ పెట్టి రిలీఫ్ వాల్వుని (ప్రెజర్‌కి హద్దు పెట్టే వాల్వు) 70 బార్ దగ్గర మొదలుపెట్టండి. బండిని పొడి కాంక్రీటు మీద నిలబెట్టి తిప్పి చూస్తూ కొంచెం కొంచెం పెంచండి. చక్రాలు ఒక్క చేత్తో తిరిగిన చోట ఆపేయండి. ప్లేటు మీద రాసిన గరిష్ఠం దాకా వెళ్లాలని ఏమీ లేదు. అక్కడితో ఆగితే పాత డ్రాగ్ లింక్‌కి అంత మేలు.

నడిపి చూసినప్పుడు

ఖాళీ స్థలంలో నడక వేగంతో వెళ్తూ ఇంజను ఆపి తిప్పి చూడండి. బరువుగానైనా తిరగాలి, ఎయిర్ బ్రేకు ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే చేయండి. తర్వాత మలుపులో వదిలితే స్టీరింగ్ మధ్యకి రావాలి. రాకపోతే ఎక్కువగా తప్పు కాలమ్ జాయింట్ పట్టేయడం, లేదా బాక్స్ బిగువు అతిగా సర్దడం. డ్రాగ్ లింక్ విప్పి చూస్తే తేడా స్టీరింగ్ వైపుందో, ఇరుసు వైపుందో తెలిసిపోతుంది.

చేయి వదిలితే బండి తనంతట తానే ఒక వైపుకి తిరుగుతుంటే వెంటనే ఆపండి. వాల్వు మధ్యలో లేదు, లేదా ఇన్‌పుట్ షాఫ్టు మీద కాలమ్ ఒత్తిడి పెడుతోంది. వేగంగా తిప్పినప్పుడు మాత్రమే స్టీరింగ్ గట్టిగా తగులుకుంటే ప్రవాహం చాలట్లేదు, పుల్లీ రేషియో చూడండి. ఐడిలింగ్‌లో మాత్రమే బరువుగా ఉంటే ముందు బెల్టు జారుతోందేమో చూడండి. ఒక వైపుకే బరువైతే తేడా బాక్స్ లోపలి వాల్వుది గానీ పిస్టన్ సీలుది గానీ, పంపుది కాదు.

రోడ్డెక్కే ముందు మీ దేశంలో బండిలో ఇలాంటి మార్పుకి రిజిస్ట్రేషన్ కార్యాలయమూ, బీమా కంపెనీ ఏం అడుగుతాయో కనుక్కుని కాగితాలు తీసుకోండి. మొదటి 100 కిలోమీటర్ల తర్వాత బ్రాకెట్ బోల్టులన్నీ మళ్లీ టార్క్ పానాతో బిగించి, డ్రాప్ ఆర్మ్ నట్టూ, కాలమ్ జాయింట్ బోల్టులూ చూసి, ఫిల్టర్ మార్చండి. తీసిన ఫిల్టర్‌ని కోసి చూడండి. నల్ల రబ్బరు పొడి ఉంటే గొట్టాలు సరిగ్గా కడగలేదని, మెరిసే ఇనుప పొడి ఉంటే పంపు అరుగుతోందని అర్థం.